రక్తనాళానికీ ఉన్నాడో నీరటి!

*ఒంట్లో ఎక్కడ కొత్త రక్తనాళం మొలవాలో, ఎక్కడ మొలవకూడదో తేల్చేది నాళాల లోపలి పొర మీద ఉండే గ్రాహకాలు. వాటి లెక్క తప్పితే మధుమేహ రోగి చూపు పోతుంది, గర్భిణికి బీపీ పెరుగుతుంది, క్యాన్సర్ గడ్డకు బలమొస్తుంది. ఆ లెక్కను దారిలో పెట్టే మందుల కథలో పాలమూరు పల్లెలకూ చోటుంది!*

చెరువు నిండినంత మాత్రాన ఆయకట్టు పండదు. తూము ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలిసినవాడు ఒకడుండాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఆ పని నీరటిది. అతను కాస్త ఏమరితే ఒక మడి ఎండుతుంది, పక్క మడి మునుగుతుంది. సరిగ్గా ఇలాంటి కాపలా పనే మన ఒంట్లోనూ నడుస్తూ ఉంటుంది... రాత్రీ పగలూ తేడా లేకుండా.

గుండె నుంచి కాలి బొటనవేలి దాకా ఉన్న ప్రతి రక్తనాళానికీ లోపలివైపు ఓ పల్చటి పొర ఉంటుంది. పేరు ఎండోథీలియం. ఒకే ఒక్క వరుస కణాలు. ఇంటి ముందు వాకిట్లో బండలు పరిచినట్టు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పెద్దవాళ్లలో ఈ కణాలు చాలావరకు నిద్రపోతున్నట్టే ఉంటాయి. విడిపోవడం, పెరగడం చాలా అరుదు. కానీ వేలు తెగిందనుకోండి, కండరానికి ఆక్సిజన్ చాలలేదనుకోండి, కడుపులో బిడ్డ పడిందనుకోండి... వెంటనే మేలుకుంటాయి. పాత నాళం పక్కనుంచి చిగురు వేసినట్టు కొత్త నాళం మొలుస్తుంది.

మేలుకొలుపు పాడేదెవరు? పాట అయ్యాక మళ్లీ జోకొట్టేదెవరు? శాస్త్రవేత్తలు యాభై ఏళ్లకు పైగా తవ్వుతున్న ప్రశ్న ఇది.

పిలుపు ఇలా వస్తుంది

1971లో అమెరికాలోని బోస్టన్‌లో జుడా ఫోక్‌మన్ అనే సర్జన్ ఓ కొత్త మాట చెప్పాడు. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి రక్తం కావాలి, అందుకోసం అది చుట్టుపక్కల నాళాలను తనవైపు లాక్కుంటుంది, ఆ దారి మూసేస్తే గడ్డ ఎదగదు... ఇదీ ఆయన వాదన. అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1983లో అదే నగరంలో డోనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరాక్ బృందం గడ్డల నుంచి ఓ ప్రొటీన్‌ను పట్టుకుంది. అది తగిలితే రక్తనాళాల నుంచి నీరు ఊరుతోంది. 1989లో కాలిఫోర్నియాలోని జెనెన్‌టెక్ కంపెనీలో నెపోలియన్ ఫెరారా, నాళాల కణాలను పెంచే ప్రొటీన్ ఒకదాన్ని వేరుచేశాడు. తీరా చూస్తే రెండూ ఒకటే! దాని పేరే వీఈజీఎఫ్. తెలుగులో చెప్పాలంటే నాళ వృద్ధి కారకం.

ఆక్సిజన్ తగ్గిన చోట కణాలు ఈ ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేసి బయటకు వదులుతాయి. ఆక్సిజన్ తగ్గిందని కణానికి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే పిలుపు ఒక్కటే ఉంటే చాలదు. వినే చెవి ఉండాలి. నాళాల కణాల మీద ఉండే ఆ చెవులే గ్రాహకాలు. డాక్టర్ల భాషలో రిసెప్టర్లు. ఒక్కో గ్రాహకం సగం కణం బయటకు, సగం లోపలికి ఉంటుంది. బయటి సగానికి వీఈజీఎఫ్ తగలగానే రెండు గ్రాహకాలు దగ్గరకొచ్చి జోడీ కడతాయి. అంతే... లోపలున్న వాటి తోకలు మేలుకుంటాయి. అక్కడి నుంచి కబురు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందినట్టు కణం మధ్యలోని కేంద్రకం దాకా వెళుతుంది. ‘కదులు, విడిపో, పెరుగు’ అన్నది ఆ కబురు.

ముగ్గురు అన్నదమ్ములు

ఈ గ్రాహకాలు మూడు రకాలు. మూడోదానికి ప్రధానంగా శోషరస నాళాల పని. రక్తనాళాల వ్యవహారమంతా మొదటి రెండింటిదే. వాటి తీరు చూస్తే ఒక ఇంట్లో పుట్టిన అన్నదమ్ములంటే నమ్మలేం.

పనిచేసేది రెండోది. కణాన్ని కదిలించేదీ, పెంచేదీ అదే. మొదటిది మాత్రం వీఈజీఎఫ్‌ను తమ్ముడికంటే దాదాపు పదింతలు గట్టిగా పట్టుకుంటుంది కానీ, కబురు లోపలికి పంపడంలో బద్ధకం. మరి అదెందుకు? తమ్ముడికి మరీ ఎక్కువ అందకుండా చూడటానికి! అంటే అదొక ఉచ్చు.

ఈ సంగతి 1995లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. రెండో గ్రాహకం లేకుండా చేసిన ఎలుక పిండాల్లో రక్తనాళాలే ఏర్పడలేదు. మొదటి గ్రాహకం లేకుండా చేసిన పిండాల్లో నాళాల కణాలు విచ్చలవిడిగా పెరిగి, ఒక తీరూ తెన్నూ లేకుండా పోయాయి. రెండు రకాల పిండాలూ పుట్టకముందే చనిపోయాయి. మరుసటి ఏడాది... అంటే 1996లో, వీఈజీఎఫ్ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి తీసేసినా పిండం బతకదని తేలింది. సగం తగ్గినా ప్రమాదమే, అదుపు తప్పినా ప్రమాదమే. అంత సున్నితమైన తూకం!

తూకం నిలిపే పంచసూత్రాలు

మరి ఈ తూకాన్ని కణం ఎలా కాపాడుకుంటుంది? దాని చేతిలో ఒకటి కాదు, ఎన్నో మీటలున్నాయి.

ఒకటి... నిల్వ. తయారైన గ్రాహకాలన్నిటినీ కణం ఒకేసారి బయట పెట్టదు. కొన్నిటిని లోపలి అరల్లోనే దాచి, అవసరాన్ని బట్టి పైకి పంపుతుంది.

రెండు... లోపలికి లాగడం. వీఈజీఎఫ్ తగిలిన గ్రాహకాన్ని కణం తన పొరను లోపలికి ముడిచి, చిన్న సంచిలో చుట్టి లాగేసుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, సంచిలోకి వెళ్లాక కూడా గ్రాహకం కాసేపు కబుర్లు పంపుతూనే ఉంటుంది. అంటే లాగడమంటే నోరు మూయించడం ఒక్కటే కాదు, ఎంతసేపు మాట్లాడాలో తేల్చడం కూడా.

మూడు... చీటీ. సంచిలోని గ్రాహకం మళ్లీ పైకి వెళ్లాలా, తుక్కులోకి పోవాలా? దీన్ని తేల్చేది యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్. అది అంటుకుంటే ‘ఇక చాలు’ అని చీటీ అంటించినట్టే. అప్పుడు గ్రాహకం లైసోజోమ్ అనే అరలోకి వెళ్లి ముక్కలైపోతుంది. చీటీ లేనిది తిరిగి కణం పైకి చేరుతుంది. యుబిక్విటిన్ గుట్టు విప్పిన ముగ్గురికి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

నాలుగు... ఇరుగుపొరుగు. పక్క కణంతో గట్టిగా అతుక్కుని ఉన్నప్పుడు, ఆ అతుకులోని ప్రొటీన్లే గ్రాహకాన్ని పట్టుకుని దాని దూకుడు తగ్గిస్తాయి. నాళం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం కణాలు నిద్రపోవడానికి ఒక కారణం ఇదే. పక్కవాడి చెయ్యి వదిలాకే కణం పరుగు మొదలుపెడుతుంది.

ఐదు... నాయకుడి ఎంపిక. కొత్త నాళం మొలిచేటప్పుడు అన్ని కణాలూ ముందుకు పరిగెడితే నాళం కాదు, గుంపు అవుతుంది. అందుకే ముందున్న ఒక కణం, పక్క కణాలకు ‘మీరు నా వెనకే ఉండండి’ అని సంకేతమిస్తుంది. దాంతో వెనకున్నవాటిలో రెండో గ్రాహకం తగ్గి, ఉచ్చులాంటి మొదటిది పెరుగుతుంది. ముందున్నది దారి చూపిస్తుంది, వెనకున్నవి గొట్టం కడతాయి.

కంటిలో గండి పడితే...

ఈ తూకం తప్పినప్పుడు ఏమవుతుందో చూడాలంటే మధుమేహ రోగి కంట్లోకి చూస్తే చాలు.

చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కంటి వెనక తెర, అంటే రెటీనాలోని సన్నటి నాళాలు దెబ్బతింటాయి. కొన్ని మూసుకుపోతాయి. ఆ చోట ఆక్సిజన్ చాలదు. రెటీనా కణాలు వీఈజీఎఫ్‌ను గుమ్మరిస్తాయి. ఉన్న నాళాలు నీరు కారుస్తాయి. మరీ ముదిరితే రెటీనా మీద పిచ్చిమొక్కల్లా కొత్త నాళాలు మొలుస్తాయి. అవి బలహీనమైనవి, ఇట్టే పగులుతాయి. కన్ను రక్తంతో నిండిపోతుంది. ఇలాంటి కళ్లలోని ద్రవంలో వీఈజీఎఫ్ ఎక్కువగా ఉంటుందని 1994లో బోస్టన్ వైద్యులు నిరూపించారు.

ఇక్కడో చిక్కుముడి ఉంది. అదే రోగి కాలికి పుండు పడితే మాత్రం కొత్త నాళాలు సరిగా రావు. పుండు మానదు. కంట్లో అక్కర్లేకుండా మొలిచేవి, కాలికి కావాలంటే ఎందుకు రావు? 2014లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మధుమేహం ఉన్న ఎలుకల్లో ఒక కారణాన్ని పట్టుకున్నారు. చక్కెర ఎక్కువైన కణాల్లో రెండో గ్రాహకం పైకి రాకముందే, లోపలి అరల్లోనే వీఈజీఎఫ్ తగలకుండానే మేలుకుంటోంది. దాంతో కణం పైన గ్రాహకాలు తగ్గిపోతున్నాయి. పిలుపు వచ్చినా వినే చెవి ఉండటం లేదన్నమాట. ఒకే జబ్బు... ఒకచోట వరద, మరోచోట కరవు!

పాలమూరు చెప్పిన లెక్క

కంటి జబ్బుల గురించి తెలుగు నేల మీద జరిగిన పెద్ద సర్వేల్లో పాలమూరుకు ప్రత్యేక స్థానం ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ, 1996 నుంచి 2000 దాకా ‘ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం’ నిర్వహించింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్ని ఎంచుకున్నారు. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం మందిలో కనిపించింది. అందులో దాదాపు 60 శాతానికి కారణం శుక్లాలు, కళ్లద్దాలతో సరిచేయగల దృష్టిలోపాలు. అంటే సులువుగా నయమయ్యేవే.

అప్పటికి పల్లెల్లో కంటిచూపు అంటే శుక్లాల ఆపరేషనే. ఆ తర్వాత కాలం మారింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. జబ్బు పట్నం దాటి పల్లెకు చేరింది. శుక్లం వస్తే చూపు మసకబారి మనిషే డాక్టర్ దగ్గరకు వెళతాడు. రెటీనా జబ్బు అలా కాదు, చాలాకాలం ఏ బాధా ఉండదు. చూపు తగ్గిందని తెలిసేసరికి చేతులు కాలినట్టే. శుక్లం తీస్తే పోయిన చూపు తిరిగొస్తుంది, దెబ్బతిన్న రెటీనా తిరిగి రాదు.

సూది చేసే మేలు

ఒకప్పుడు దీనికి లేజర్ ఒక్కటే దారి. ఆక్సిజన్ చాలక అల్లాడే రెటీనా అంచుల్ని లేజర్‌తో కాల్చేస్తారు. అప్పుడు వీఈజీఎఫ్ తగ్గుతుంది, నడిమి చూపు నిలుస్తుంది. ఇప్పటికీ ఎంతోమందికి అదే రక్ష.

2004లో పెద్దపేగు క్యాన్సర్ కోసం బెవాసిజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. వీఈజీఎఫ్‌ను గాల్లోనే పట్టేసి, గ్రాహకం దాకా చేరనివ్వకపోవడం దాని పని. మరుసటి ఏడాదే కంటి వైద్యులు దాన్ని చిన్న మోతాదులో కంట్లోకి ఇచ్చి చూశారు. ఫలితం బాగుంది. కంటి కోసమే తయారైన రానిబిజుమాబ్ 2006లో వచ్చింది. ధర మాత్రం ఎన్నో రెట్లు. వయసుతో వచ్చే రెటీనా జబ్బులో రెండూ దాదాపు సమానంగా పనిచేస్తాయని 2011లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన పరీక్షల్లో తేలింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బెవాసిజుమాబ్‌ను కంటికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. చౌకమందుకు ఒక షరతు ఉంది. పెద్ద సీసాలోంచి చిన్న మోతాదులుగా పంచేటప్పుడు ఏమాత్రం శుభ్రత లోపించినా కన్ను చీము పట్టే ప్రమాదం ఉంది.

2011లో వచ్చిన అఫ్లిబెర్‌సెప్ట్ కథ ఇంకా తమాషా. అందులో ఉన్నది గ్రాహకాల ముక్కలే! మొదటి గ్రాహకం నుంచి ఒక భాగం, రెండో దాన్నుంచి ఒక భాగం తీసి అతికించారు. ప్రకృతి పన్నిన ఉచ్చును చూసి మనిషి నేర్చుకున్న విద్య అది.

కానీ ఈ సూదులు ఒక్కసారితో అయిపోయేవి కావు. మొదట్లో నెలనెలా, తర్వాత డాక్టర్ చెప్పినన్నాళ్లు. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. రోగికి ఒక రోజు కూలి, తోడు వచ్చినవాళ్లకు మరో రోజు కూలి, బస్సు చార్జీలు... మందు ధర వీటికి అదనం. రెండు సూదులయ్యాక ‘ఇప్పుడు బాగానే కనిపిస్తోందిగా’ అని మానేస్తే, ఆగిన వీఈజీఎఫ్ మళ్లీ మొదలవుతుంది.

పసికందులకూ, తల్లులకూ

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో రెటీనా నాళాలు సగంలోనే ఆగి ఉంటాయి. ఇంక్యుబేటర్‌లో ఇచ్చే ఆక్సిజన్ ఎక్కువైతే వీఈజీఎఫ్ పడిపోయి నాళాల పెరుగుదల ఆగుతుంది. తర్వాత ఒక్కసారిగా ఆక్సిజన్ కరవై వీఈజీఎఫ్ ఎగబాకుతుంది. నాళాలు అడ్డదిడ్డంగా మొలిచి రెటీనాను పీకేస్తాయి. సకాలంలో పట్టుకుంటే లేజర్‌తోనో, సూదితోనో చూపు నిలబెట్టొచ్చు. అందుకు ఉన్న గడువు చాలా తక్కువ. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఇలాంటి పిల్లల్ని వెతికి పరీక్షించే కార్యక్రమాన్ని డాక్టర్ సుభద్ర జలాలీ బృందం 1990ల చివర్లోనే మొదలుపెట్టింది.

గర్భిణుల్లో మరో కోణం. మొదటి గ్రాహకం ముక్క ఒకటి కణం నుంచి విడుదలై రక్తంలో తిరుగుతుంటుంది. మాయ నుంచి ఇది మరీ ఎక్కువగా విడుదలైతే, తల్లి నాళాలకు అవసరమైన వీఈజీఎఫ్‌ను కూడా పట్టేస్తుంది. బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ఇదే ప్రీఎక్లాంప్సియా. తల్లీబిడ్డల ప్రాణాల మీదకు తెచ్చే ఈ గుర్రపువాతం గుట్టును 2003లో విప్పింది, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్ చేరిన డాక్టర్ అనంత్ కరుమంచి బృందం. ఆ ముక్క పాళ్లను కొలిచే రక్తపరీక్షకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది.

కొత్తూరు దారిలో ఓ చరిత్ర

గ్రాహకానికి బయటి నుంచి వీఈజీఎఫ్ అందకుండా చేయడం ఒక పద్ధతి. లోపలి తోక పనిచేయకుండా చేయడం మరో పద్ధతి. ఆ తోకలో శక్తి అందుకునే చిన్న గుంట ఉంటుంది. అందులో వెళ్లి ఇరుక్కునే మాత్రలు ఉన్నాయి. వాటిలో ఒకటి సొరాఫెనిబ్. రెండో గ్రాహకంతో పాటు మరికొన్ని ఎంజైములనూ ఆపుతుంది. అమెరికాలో 2005లో కిడ్నీ క్యాన్సర్‌కు, 2007లో కాలేయ క్యాన్సర్‌కు అనుమతి పొందింది. తయారీదారు జర్మనీకి చెందిన బేయర్.

అప్పట్లో మన దేశంలో దాని ధర నెలకు 2,80,428 రూపాయలు! 120 మాత్రలకు. అంటే ఒక్కో మాత్ర 2,337 రూపాయలు. రోజుకు నాలుగు వేసుకోవాలి.

హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా, నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో స్థాపించిన కంపెనీ. దాని కొత్తూరు, మేకగూడ ఫ్యాక్టరీలు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పొలిమేరలో ఉండేవి. 2016లో జిల్లాలు మారాక అవి రంగారెడ్డిలో కలిశాయి. తయారుచేసుకునే హక్కు ఇవ్వమని నాట్కో 2010లో బేయర్‌ను అడిగింది. కాదన్నారు. 2011 జులైలో పేటెంట్ చట్టంలోని 84వ సెక్షన్ కింద దరఖాస్తు చేసింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్.కురియన్ తీర్పు చెప్పారు... మందు అవసరమైనంతమందికి అందడం లేదు, ధర అందుబాటులో లేదు, దేశంలో తయారు కావడం లేదు అని. నాట్కోకు అనుమతి దక్కింది. భారతదేశం ఇచ్చిన మొట్టమొదటి కంపల్సరీ లైసెన్స్ అదే.

నెల మందు ధర 8,880 రూపాయలకు మించకూడదు. అంటే మాత్ర 74 రూపాయలు. ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి. అమ్మకాల్లో 6 శాతం బేయర్‌కు రాయల్టీ చెల్లించాలి. 2013లో అప్పీలు బోర్డు దాన్ని 7 శాతం చేసింది. బేయర్ కేసు బాంబే హైకోర్టులో ఓడి, 2014 డిసెంబరులో సుప్రీంకోర్టులోనూ నిలవలేదు. 2020లో పేటెంట్ గడువే ముగిసింది. కొత్త మందులు కనిపెట్టడానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారన్నది బేయర్ వాదన. కొనలేని మందు ఉన్నా లేనట్టే కదా అన్నది రోగుల తరఫు వాదన. ప్రపంచమంతా ఆ తీర్పును ఆసక్తిగా చూసింది.

మరి ఆ మాత్ర అద్భుతాలు చేసిందా? నిజం చెప్పుకోవాలి. ముదిరిన కాలేయ క్యాన్సర్ రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు సగటున 7.9 నెలలు బతికితే, ఇది వేసుకున్నవాళ్లు 10.7 నెలలు బతికారు. అంతకుముందు ఆ దశలో ఆయుష్షు పెంచిన మాత్రే లేదు. 2020లో బెవాసిజుమాబ్‌ను రోగనిరోధక మందుతో కలిపి ఇస్తే ఇంతకంటే మెరుగని తేలింది.

ఈ మందులన్నిటికీ ఒక ఉమ్మడి చిక్కు ఉంది. గ్రాహకాన్ని ఒంటినిండా ఆపితే బీపీ పెరుగుతుంది, గాయాలు ఆలస్యంగా మానతాయి. ఎందుకంటే నిద్రపోతున్న నాళానికి కూడా వీఈజీఎఫ్ కొంచెం కావాలి. నాళాన్ని వదులుగా ఉంచేదీ, ఆరోగ్యంగా నిలిపేదీ అదే. పూర్తిగా మూసేయడం కాదు, కణం తన మీటలతో చేసుకునే సర్దుబాటును అనుకరించడం ఎలా అన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న సవాలు.

ఇవి మరిచిపోవద్దు

* మధుమేహం ఉందని తెలిసిన రోజే రెటీనా పరీక్ష. ఆ తర్వాత ఏడాదికోసారి. కళ్లద్దాల షాపులో అక్షరాలు చదివించడం రెటీనా పరీక్ష కాదు. చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక చూడాలి.

* చూపు బాగానే ఉందని పరీక్ష వాయిదా వేయొద్దు. చూపు బాగున్నప్పుడు పట్టుకుంటేనే నిలుస్తుంది. చక్కెరతో పాటు బీపీ కూడా అదుపులో ఉండాలి.

* కంటి సూదులు మొదలుపెట్టాక మధ్యలో సొంతంగా మానొద్దు. సూది తర్వాత కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు తగ్గితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

* బిడ్డ 34 వారాలకు ముందు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష చేయించాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి.

* గర్భిణికి అయిదో నెల దాటాక తలనొప్పి, చూపు మసక, మొహం వాపు కనిపిస్తే బీపీ చూపించడంలో ఒక్క పూట కూడా ఆలస్యం చేయొద్దు.